స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్న స్కూలా, దగ్గర్లోని మామూలు స్కూలా?

మీ పాపకి డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందని, హైస్కూల్‌కి స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి విడిగా నేర్పే టీచర్) ఉన్న దూరం స్కూల్లో చేర్చాలా, ఇంటి దగ్గర మామూలు స్కూల్లో వేయాలా అని అడిగారు కదండీ. మా అబ్బాయిదీ ఇదే సమస్య. రెండు రకాల స్కూళ్లూ చూశాం కాబట్టి చెబుతున్నాను.

మేము మొదట స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్న స్కూల్లోనే చేర్చాం. విడిగా గది, ఓపికున్న మేడమ్, అన్నీ చూసి నిశ్చింతగా ఉన్నాం. రెండు నెలలు తిరక్కుండానే వాడికి సోమవారం, గురువారం పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. డాక్టర్ ఏమీ లేదన్నారు. ఒకరోజు టైమ్‌టేబుల్ తీసి చూస్తే, సోషల్ పీరియడ్ ఉన్నవి ఆ రెండు రోజులే. ఆ క్లాసులో ఒక్కొక్కరినీ లేపి పాఠం పైకి చదివిస్తారట. మావాడు ముందే తన వంతుకి ఏ పేరా వస్తుందో లెక్కపెట్టుకుని, దాన్నే లోలోపల పదిసార్లు చదువుకునేవాడట. అయినా తడబడేవాడు, పిల్లలు నవ్వేవారు. ఆ సార్ చెడ్డవారేం కాదండీ. వీడి సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. వాడి డిస్లెక్సియా రిపోర్టు స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్ గదిలో బీరువాలోనే ఉండిపోయింది.

ప్రైమరీలో ఒకరిద్దరు టీచర్లకి తెలిస్తే సరిపోతుంది. హైస్కూల్లో సబ్జెక్టుకొకరు. అందుకే ఏ స్కూలుకి వెళ్లినా ముందు ఇది అడగండి: మా పాప గురించి ప్రతి టీచర్‌కీ ఎవరు చెబుతారు, మధ్యలో టీచర్ మారితే కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? సూటిగా జవాబు రాకపోతే నేనైతే చేర్చను.

స్పెషల్ ఎడ్యుకేటర్ అక్కర్లేదని కాదు. అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో, మళ్లీ మళ్లీ నేర్పేవాళ్లుంటే చాలా మేలు. కానీ ఏ పీరియడ్‌లోంచి పిలుచుకెళ్తారో కనుక్కోండి. మావాణ్ణి ఆటల పీరియడ్‌లోంచి తీసుకెళ్లేవారు. వాడు అందరికన్నా ముందుండేది అక్కడొక్కచోటే.

రెండో స్కూలు మామూలుదే. అక్కడి మేడమ్ మమ్మల్ని కాసేపు ఆగమని, వాణ్ణే అడిగారు, "నీకు అన్నిటికన్నా ఏది కష్టం నాన్నా?" అని. "బోర్డు మీదది ఎక్కించుకోవడం. నేను తలెత్తేసరికి చెరిపేస్తారు" అన్నాడు. అన్నేళ్లలో ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. బోర్డు చూడాలి, చూసింది గుర్తుంచుకోవాలి, స్పెల్లింగ్ తలుచుకోవాలి, రాయాలి, మళ్లీ తలెత్తి ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి. ఇంత పనిలో పాఠం వినేదెప్పుడు? మర్నాటి నుంచి నోట్స్ ప్రింట్ తీసి ఇచ్చారు.

పరీక్షల్లో అదనపు సమయం ఇస్తామని చాలామంది అంటారు. దాన్ని చిన్న టెస్టుల నుంచే ఇవ్వమనండి. అలవాటు లేకుండా పెద్ద పరీక్షలో ఒక్కసారిగా ఇస్తే, దాన్ని ఎలా వాడుకోవాలో పిల్లలకి తెలియదు. ఒక ఏడాది కింది తరగతిలో ఉంచుదామంటే మాత్రం ఒప్పుకోకండి. పాప తెలివికి లోటేం లేదు, నేర్పే పద్ధతి మారాలి.

దూరం కూడా చూసుకోండి. అందరూ అలవోకగా చదివే పేజీకి మన పిల్లలు చాలా శ్రమ పడతారు, సాయంత్రానికి అలసిపోతారు. దాని మీద గంట ప్రయాణం అంటే చాలా కష్టం.

మేము ఇప్పుడు ప్రతి ఏడాదీ మొదటి వారంలోనే టీచర్లందరికీ ఒక పేజీ రాసి ఇస్తున్నాం. పైకి చదివించకండి, నోటితో అడగండి, చెబుతాడు. సైన్స్‌లో స్పెల్లింగ్ తప్పులకి మార్కులు తీయకండి. హోంవర్క్ నోటితో చెప్పి వదిలేయకుండా రాసివ్వండి. ఈసారి చివరి లైను వాడే చెప్పి రాయించాడు: "నాకు అర్థం కాకపోతే పీరియడ్ అయ్యాక వచ్చి అడుగుతాను, అప్పుడు చెప్పండి."