పాత టకోమా ఫ్రేమ్ తుప్పు: రీకాల్ అయ్యాక కూడా ఓనర్లకు కోపం ఎందుకు?

అమెరికాలో టకోమా లాంటి పాత టొయోటా పికప్ (వెనక సామాన్ల తొట్టి ఉండే బండి) కొనాలనుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "కంపెనీ ఫ్రేములు (బండి బరువంతా మోసే కింది ఇనుప చట్రాలు) మార్చిచ్చింది కదా, ఇంకా భయమెందుకు?"

మంచు పడే రాష్ట్రాల్లో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు, బురద ఫ్రేమ్ లోపలికి చేరి నిలిచిపోతాయి. తుప్పును ఆపే పూత సరిగా లేకపోతే ఇనుము లోపలినుంచే గుల్లబారుతుంది. బయటికి మాత్రం నల్లగా, బాగానే కనబడుతుంది.

2009లో టొయోటా తన 2000–2003 మోడల్ టండ్రా పికప్‌లను రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిపించింది ఇందుకే. ఫ్రేమ్ వెనక అడ్డపట్టీ (క్రాస్‌మెంబర్) తుప్పు పట్టి స్టెప్నీ టైరు రోడ్డుమీద ఊడిపడే ప్రమాదం, బ్రేక్ పైపులు దెబ్బతినే ప్రమాదం ఉన్నాయి. తర్వాత 2016లో టకోమా, టండ్రా పికప్‌ల, సెకోయా ఎస్‌యూవీల ఓనర్లు ఫ్రేమ్ తుప్పు మీద టొయోటాపై వేసిన కేసు రాజీకి వచ్చింది. దాదాపు 15 లక్షల బండ్లు దాని కిందికొచ్చాయి.

కోపం అసలు ఎక్కడంటే, ఆ రాజీ కింద జరిగిన ఫ్రేమ్ తనిఖీ దగ్గర. తుప్పు నిర్ణీత స్థాయికి చేరితేనే ఫ్రేమ్ మార్చేవారు, లేకపోతే పూత పూసి పంపేసేవారు. లోపల తుప్పు మిగిలి ఉండగా పైన పూత పూస్తే తేమ అక్కడే చిక్కుకుపోతుంది. ఈలోగా రాజీలో పెట్టిన గడువు దాటితే ఖర్చంతా ఓనర్‌దే అయ్యేది. నా దృష్టిలో ఆ కోపం పూర్తిగా న్యాయం.

కొనేముందు బండిని లిఫ్ట్ ఎక్కించి, వెనక స్ప్రింగులు బిగించిన చోట సుత్తితో తట్టించండి. గట్టిగా ఖణేల్మనాలి. మొద్దుగా మోగితే, పెచ్చులు రాలితే, ధర ఎంత తగ్గించినా వద్దు. కొత్తగా నల్లరంగు వేసిన ఫ్రేమ్ అయితే ఇంకా జాగ్రత్త.