చక్కెర లేని మేపుల్ సిరప్: సీసా వెనుక వైపు చదివేవారికి

ఈసారి మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మేపుల్ సిరప్ గురించే ఉన్నాయి. పిండిపదార్థాలు తగ్గించుకున్నవారు దాని స్థానంలో ఏం వాడాలని అడిగారు. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట వాటిని కలిపి ఒక్కటిగా ఇస్తున్నాము.

ప్రశ్న: పిండిపదార్థాలు తగ్గించిన ఆహారానికి మారి మూడు నెలలైంది. అన్నీ మానుకోగలిగాను కాని, పాన్‌కేకుల మీద పోసుకునే మేపుల్ సిరప్‌ను మాత్రం మానలేకపోతున్నాను. అది చెట్టు నుంచి వచ్చే రసమే కదా, ఖనిజాలు కూడా ఉంటాయని అంటారు. కొద్దిగా వాడితే తప్పేమిటండీ?

జవాబు: చెట్టు నుంచి వచ్చే రసం వేరు, సీసాలోకి చేరే సిరప్ వేరు. మేపుల్ చెట్టు కాండానికి రంధ్రం చేసి పట్టే రసంలో చక్కెర సుమారు 2 శాతమే. చూడడానికీ తాగడానికీ అది నీళ్లకు దగ్గరగా ఉంటుంది. అటువంటి రసాన్ని దాదాపు 40 లీటర్లు మరిగిస్తే గాని ఒక లీటరు సిరప్ రాదు. అలా ఇగిరిన తరువాత అందులో చక్కెర 66 శాతానికి చేరుతుంది, అదీ ప్రధానంగా మామూలు పంచదారలో ఉండే సుక్రోజే. ఒక పెద్ద చెంచాకు, అంటే 20 గ్రాములకు, సుమారు 13 గ్రాముల పిండిపదార్థాలు, 52 కిలోక్యాలరీలు వస్తాయి. అయితే పాన్‌కేకుల మీద పోసుకునేవారు ఒక చెంచాతో ఆగడం అరుదు. పావు కప్పు పోసుకుంటే పిండిపదార్థాలు 53 గ్రాములు దాటుతాయి. కీటో పద్ధతిలో, అంటే పిండిపదార్థాలను బాగా తగ్గించి కొవ్వు మీద ఆధారపడే ఆహారంలో, రోజంతటికీ 20 నుంచి 50 గ్రాములే పరిమితి కనుక, ఆ ఒక్క పళ్లెంతోనే ఆ రోజు లెక్క ముగిసిపోతుంది.

ఖనిజాల మాట అబద్ధం కాదు, మాంగనీసు అందులో చెప్పుకోదగినంత ఉంది. కాని మాంగనీసు కోసం అంత చక్కెర తినవలసిన అవసరం ఎవరికీ లేదు. దాని గ్లైసీమిక్ సూచిక (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే అంకె) 54 ప్రాంతంలో, పంచదార కంటే కొంత తక్కువగా ఉంటుందన్న వాదన కూడా వినిపిస్తుంది. ఆ తేడా పావు కప్పు తిన్నవారిని కాపాడేంతటిది కాదు. మీ పరిమితి రోజుకు వంద గ్రాములకు పైబడి ఉంటే మాత్రం, కొలిచి ఒక చెంచా నిజమైన సిరప్ వాడుకోవడమే నకిలీ సీసాలన్నిటికంటే మేలని నా అభిప్రాయం. తేనె, ఖర్జూరపు పాకం, అగావే సిరప్ ఈ లెక్కలో ప్రత్యామ్నాయాలు కావు. వాటిలో ఉన్నదీ చక్కెరే.

ప్రశ్న: ‘చక్కెర లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న మేపుల్ రుచి సిరప్ కొన్నాను. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరులో చూసుకుంటే రక్తంలో చక్కెర బాగా పెరిగింది. కంపెనీవారు అబద్ధం రాశారా?

జవాబు: వారు అబద్ధం రాసి ఉండకపోవచ్చు. సీసా ముందు వైపు ఉన్న మాటకు చట్టంలో ఉన్న అర్థం వేరు, మీ శరీరానికి తెలిసిన అర్థం వేరు. అమెరికా నిబంధనల ప్రకారం ఒక వడ్డింపులో చక్కెరలు 0.5 గ్రాముల కంటే తక్కువ ఉంటే ఆ మాట రాసుకోవచ్చు. యూరప్‌లో 100 గ్రాములకు 0.5 గ్రాములు మించకూడదు. ఆ రెండు చోట్లా లెక్కలోకి వచ్చేవి చక్కెరలు మాత్రమే. చక్కెర ఆల్కహాళ్లు (చక్కెరల నుంచి తయారు చేసే తీపి పదార్థాలు, మత్తుతో సంబంధం లేనివి), మాల్టోడెక్స్‌ట్రిన్ వంటి పిండి ముక్కలు ఆ నిర్వచనం కిందికి రావు.

మీ సీసా వెనుక వైపున మాల్టిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ పేరు ఉందేమో చూడండి. ఇది చక్కెరకు దగ్గరగా తియ్యగా ఉంటుంది, సిరప్‌కు మంచి చిక్కదనాన్ని ఇస్తుంది, తయారీదారులకు ఇష్టమైనది. కాని దానిలో గణనీయమైన భాగం పేగులో జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది. పొడి రూపంలో దాని గ్లైసీమిక్ సూచిక 35 ప్రాంతంలో ఉంటే, మాల్టిటాల్ సిరప్‌ది 50 దాటుతుంది, అంటే అసలు మేపుల్ సిరప్‌కు పెద్దగా తీసిపోదు. గ్రాముకు 2.1 కిలోక్యాలరీలు కూడా ఇస్తుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ అయితే నోటికి తీపి తెలియకుండానే రక్తంలోకి గ్లూకోజుగా చేరే పదార్థం. స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) పొడులలో పరిమాణం పెంచడానికి దీన్ని తరచుగా కలుపుతారు.

ఇక్కడ ‘నికర పిండిపదార్థాలు’ అనే లెక్క గురించి చెప్పాలి. మొత్తం పిండిపదార్థాల నుంచి పీచును, చక్కెర ఆల్కహాళ్లను తీసివేసి మిగిలినదాన్ని అలా పిలుస్తారు. అమెరికాలో ఈ మాటకు చట్టబద్ధమైన నిర్వచనం లేదు, కనుక సీసా మీద అచ్చు వేసిన ఆ అంకెను నమ్మకుండా మీరే లెక్క వేసుకోండి. ఎరిత్రిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌ను పూర్తిగా తీసివేయవచ్చు, ఎందుకంటే అందులో సుమారు 90 శాతం రక్తంలోకి చేరి, ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోతుంది. మాల్టిటాల్‌లో కనీసం సగాన్ని లెక్కలో ఉంచాలి. ఒక వడ్డింపులో అది 30 గ్రాములు ఉంటే మీరు తిన్నది 15 గ్రాములని అనుకోండి. పీచు పేరుతో చేర్చే ఐసోమాల్టో-ఒలిగోశాకరైడ్ల విషయంలో కూడా జాగ్రత్త అవసరం: అవి చిన్నపేగులో చాలావరకు జీర్ణమవుతాయి, అందుకే అమెరికా ఆహార నియంత్రణ సంస్థ వాటిని పీచుగా అంగీకరించలేదు. అల్యులోజ్ అనే తక్కువ క్యాలరీల చక్కెర విషయంలో మాత్రం తిరకాసు ఉంది. 2019లో అదే సంస్థ దాన్ని చక్కెరల వరుసలో చూపనవసరం లేదని చెప్పింది గాని, మొత్తం పిండిపదార్థాలలో మాత్రం చూపాలి. కనుక అల్యులోజ్ సిరప్ సీసా మీద పెద్ద అంకె కనిపించినా భయపడనక్కరలేదు. రక్తంలో చక్కెరను అది దాదాపుగా పెంచదు.

వీటన్నిటికీ మించి మీ గ్లూకోమీటరే సాక్ష్యం. కాకపోతే సిరప్‌ను పాన్‌కేకుతో కలిపి పరీక్షిస్తే తప్పు ఏ పదార్థానిదో తేలదు; రెండు చెంచాల సిరప్‌ను విడిగా తీసుకుని, ముందొకసారి, తరువాత గంటకూ రెండు గంటలకూ చూసుకోండి.

ప్రశ్న: ఇంట్లోనే చేసుకుందామని ఒక కప్పు ఎరిత్రిటాల్‌ను ఒక కప్పు నీళ్లలో మరిగించి, మేపుల్ ఎసెన్స్ వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. మరునాటికి అడుగున ఇసుకలాగా గడ్డకట్టింది, పైన నీళ్లు నిలిచాయి. నోట్లో వేసుకుంటే పుదీనా తిన్నట్టు చల్లగా ఉంది. నా చేతిలో తప్పెక్కడ జరిగింది?

జవాబు: మీ చేతిలో తప్పేమీ లేదు, ఆ పదార్థం స్వభావమే అంత. పంచదార గది ఉష్ణోగ్రత వద్ద 100 గ్రాముల నీళ్లలో 200 గ్రాముల వరకు కరుగుతుంది. అదే నీళ్లలో ఎరిత్రిటాల్ 37 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. మీరు వేసిన కప్పు సుమారు 200 గ్రాములు, నీళ్లు 240 మిల్లీలీటర్లు అనుకుంటే, చల్లారిన తరువాత ఆ నీళ్లు పట్టి ఉంచగలిగినది 90 గ్రాముల లోపే. మిగిలిన వంద గ్రాములకు పైగా స్ఫటికాలై అడుగుకు చేరక తప్పదు, ఫ్రిజ్ చల్లదనానికి ఇంకొంత ఎక్కువే చేరుతుంది. నోట్లో తెలిసిన చల్లదనం కూడా దీనికి సంబంధించినదే: ఆ స్ఫటికాలు కరిగేటప్పుడు నాలుక దగ్గరి వేడిని లాక్కుంటాయి.

మేపుల్ సిరప్‌లో చక్కెర ఒక్కటే నాలుగు పనులు చేస్తుంది: తీపినిస్తుంది, చిక్కదనాన్నిస్తుంది, మరిగేటప్పుడు రంగునూ కమ్మదనాన్నీ తెస్తుంది, పాడవకుండా కాపాడుతుంది. దాన్ని తీసివేసినప్పుడు ఆ నాలుగు పనులనూ ఒక్క పదార్థానికే అప్పగించాలని చూడడం వల్లనే ఇంటి ప్రయోగాలు బెడిసికొడుతున్నాయి. ఉన్నవాటిలో అల్యులోజ్ ఒక్కటే మూడు పనులకు దగ్గరగా వస్తుంది. నీళ్లలో సులువుగా కరుగుతుంది, వేడికి పంచదార కంటే త్వరగా గోధుమ రంగు తిరుగుతుంది, పాకంలా చిక్కబడుతుంది. తీపి మాత్రం పంచదారలో 70 శాతమే.

ఒక కప్పు అల్యులోజ్‌ను ముప్పావు కప్పు నీళ్లలో కలిపి, సన్నని మంట మీద పది, పన్నెండు నిమిషాలు మరగనివ్వండి. మంట పెంచితే చూస్తుండగానే మాడు రుచి వస్తుంది, కాబట్టి గిన్నె దగ్గరే ఉండండి. దించాక చిటికెడు ఉప్పు, ఒక చిన్న చెంచా మేపుల్ ఎసెన్స్, ఇష్టమైతే చిన్న వెన్న ముక్క కలపండి. వేడి మీద పలచగా కనిపించినా చల్లారాక చిక్కబడుతుంది. ఆ సంగతి తెలియక మరీ ఇగిరించినవారికి సిరప్ బదులు జిగురు మిగులుతుంది. తీపి చాలకపోతే స్టీవియా గాని, మాంక్ ఫ్రూట్ అనే పండు సారం గాని రెండు చుక్కలు చాలు. స్టీవియాలోని తీపి పదార్థాలు పంచదార కంటే 200 నుంచి 300 రెట్లు తియ్యనివి, అధికమైతే చేదు పైకి తేలుతుంది.

అల్యులోజ్‌కు యూరప్‌లో ఇప్పటికీ ఆహారపదార్థంగా అనుమతి లేదు. దొరకని చోట, నీళ్లలో సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి చుక్కలు వేసి, క్సాంథన్ గమ్ అనే చిక్కబరిచే పొడితో చిక్కబరచడం రెండవ దారి. కప్పు నీళ్లకు పావు చిన్న చెంచా గమ్ సరిపోతుంది. దాన్ని నేరుగా నీళ్లలో చల్లితే ఉండలు కడుతుంది. కొద్దిగా ఎరిత్రిటాల్ పొడిలో ముందుగా కలిపి, చిలుకుతూ చల్లాలి. ఈ రకం సిరప్‌ను పాన్‌కేకు స్పంజిలా పీల్చేసుకుంటుంది, ఎందుకంటే అందులో ఉన్నది చాలావరకు నీరే. అందుకని తినబోయే క్షణంలోనే పోసుకోండి.

ఇంట్లో చేసిన గమ్ సిరప్‌ను ఫ్రిజ్‌లో ఉంచి వారం, పది రోజులలో వాడేయండి. చక్కెర సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేస్తుంది, ఇక్కడ ఆ కాపలా లేదు. దుకాణపు సీసాలలో సోడియం బెంజోయేటు, పొటాషియం సోర్బేటు ఉండేది అందుకే.

ప్రశ్న: మేపుల్ ఎసెన్స్ మాకు దొరకడం లేదు. ఆ వాసన వేరే దేనితోనైనా వస్తుందా?

జవాబు: వస్తుంది, అదీ మెంతులతో. మేపుల్ సిరప్ సువాసనలో సోటలోన్ అనే పదార్థానికి ముఖ్యమైన పాత్ర ఉంది. మెంతుల ప్రత్యేకమైన వాసనకూ మూలం అదే. నకిలీ మేపుల్ రుచుల తయారీలో మెంతుల సారం చాలాకాలంగా వాడుకలో ఉంది. 2005 నుంచి న్యూయార్క్ నగరం మీదికి అప్పుడప్పుడు అంతుచిక్కని మేపుల్ వాసన వచ్చేది. 2009లో అధికారులు వెదికి పట్టుకుంటే, అది నది అవతల న్యూజెర్సీలో మెంతులను శుద్ధి చేస్తున్న ఒక కర్మాగారం నుంచి వస్తున్నదని తేలింది. మెంతులు బాగా తిన్నవారి చెమటకు కూడా ఆ వాసన పడుతుంది.

అర చిన్న చెంచా మెంతులను దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి, పైన చెప్పిన కప్పు సిరప్‌కు వాడే వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. గింజలను మాత్రం మరిగించవద్దు, చేదు దిగుతుంది. దానికి వెనిలా ఎసెన్స్ జోడించండి, ఎందుకంటే అసలు సిరప్‌లో వెనిలిన్ కూడా ఉంటుంది. అచ్చంగా మేపుల్ అని ఎవరూ మోసపోరు గాని, దగ్గరి చుట్టమేనని ఒప్పుకుంటారు. వేరుశనగ పడనివారిలో కొందరికి మెంతులు కూడా పడవు. అటువంటివారు దీని జోలికి వెళ్లకూడదు.

ప్రశ్న: ఎరిత్రిటాల్ వల్ల గుండెపోటు వస్తుందని చదివాను. తీపి ప్రత్యామ్నాయాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పిందట. ఇవన్నీ మానేయాలా?

జవాబు: 2023లో వెలువడిన ఒక పరిశోధనలో, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి ఎక్కువగా వచ్చినట్టు కనిపించింది. అయితే ఎరిత్రిటాల్‌ను మన శరీరం కూడా గ్లూకోజు నుంచి స్వయంగా తయారు చేసుకుంటుంది కనుక, ఆ రక్తంలో ఉన్నదంతా తిన్నదేనని చెప్పలేము. సంబంధం కనిపించింది, కారణం రుజువు కాలేదు. అయినా గుండె జబ్బు ఉన్నవారు దాన్ని రోజూ కప్పుల కొద్దీ వాడకపోవడమే వివేకమని నేను అంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో ఇచ్చిన సూచన, బరువు తగ్గడానికి సాధనంగా స్టీవియా, సుక్రలోజ్ వంటివాటిని వాడవద్దని. అప్పటికే మధుమేహం ఉన్నవారికి అది వర్తించదు. చక్కెర ఆల్కహాళ్లు, అల్యులోజ్ వంటి తక్కువ క్యాలరీల చక్కెరలు కూడా దాని పరిధిలో లేవు.

నాకు వచ్చే ఫిర్యాదులలో గుండె కంటే కడుపుదే పెద్ద వాటా. మాల్టిటాల్, సార్బిటాల్ ఎక్కువైతే కడుపు ఉబ్బరించి విరేచనాలవుతాయి. యూరప్‌లో ఇటువంటివి 10 శాతం మించితే సీసా మీద ఆ హెచ్చరిక రాయాలి. అల్యులోజ్ కూడా ఒక్కసారికి శరీర బరువులో కిలోకు 0.4 గ్రాములు దాటకుండా ఉంటే మంచిది, అంటే 60 కిలోల మనిషికి 24 గ్రాములు.

ప్రశ్న: మా నాన్నగారు ఇన్సులిన్ వాడతారు. ఆయన కోసం ఇంట్లో మామూలు సిరప్ పూర్తిగా తీసేసి, చక్కెర లేనిదే ఉంచుతున్నాము. సరేనా?

జవాబు: తినడానికి సరే. కాని ఆయనకు చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వచ్చినప్పుడు ఆ సిరప్ ఏ మాత్రం పనికిరాదు. అప్పుడు వెంటనే 15 గ్రాముల నిజమైన చక్కెర కావాలి, కనుక గ్లూకోజు గాని పంచదార గాని అందరికీ తెలిసిన చోట విడిగా ఉంచండి. సిరప్ మారినప్పుడు ఇన్సులిన్ మోతాదు లెక్క కూడా మారుతుంది. అది డాక్టరుగారితో మాట్లాడి నిర్ణయించుకోవలసిన విషయం.

ప్రశ్న: పళ్లెంలో మిగిలిన చక్కెర లేని సిరప్‌ను మా కుక్క నాకుతుంది. ఫరవాలేదా?

జవాబు: సీసా మీద జైలిటాల్ (ఇదీ ఒక చక్కెర ఆల్కహాలే) అని ఉంటే ప్రాణాపాయం. కుక్కలలో అది ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి రక్తంలో చక్కెరను పడగొడుతుంది, కాలేయాన్ని కూడా దెబ్బతీయగలదు. నాకినట్టు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి, సీసాను కూడా వెంట పట్టుకెళ్లండి.