కొలరాడో ఇంటి ముందు మల్లిన్ పూలమొక్క పెట్టుకోవచ్చా?

డెన్వర్ పరిసరాల్లో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో మొక్కల మీద ఆసక్తి ఉన్నవారికి ఈ సందేహం తరచుగా వస్తుంది. రోడ్ల వెంబడి, కొండవాలుల్లో మనిషెత్తున పసుపు పూల కంకితో నిలబడే మల్లిన్‌ను చూసి, నీరు పోసేవారు లేకపోయినా ఇంత ఏపుగా పెరిగే మొక్కను ఇంటి ముందు ఎందుకు పెట్టుకోకూడదని అడుగుతారు. నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు, అయితే రోడ్డు పక్కన పెరిగే ఆ రకాన్ని మాత్రం కాదు.

ఆ రకం పేరు వెర్బాస్కమ్ థాప్సస్. ఐరోపా నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన ఈ మొక్కను కొలరాడో రాష్ట్రం హానికరమైన కలుపు మొక్కల ‘సి’ జాబితాలో చేర్చింది. దాని దగ్గరి చుట్టమైన మాత్ మల్లిన్ అంతకంటే కఠినమైన ‘బి’ జాబితాలో ఉంది. ఒక్క మొక్క లక్షకు పైగా విత్తనాలు రాల్చగలదు. 1879లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త మిషిగన్‌లో రకరకాల విత్తనాలను సీసాల్లో నింపి పాతిపెట్టగా, 2021లో తవ్వి తీసిన సీసాలో మొలకెత్తినవన్నీ మల్లిన్ జాతి మొక్కలే. ఒక్క వేసవి అశ్రద్ధ చేస్తే, మీ తర్వాత ఆ ఇల్లు కొన్నవారు కూడా కలుపు తీస్తూనే ఉండవలసివస్తుంది.

నర్సరీలో వెర్బాస్కమ్ షెయిక్సీ ‘ఆల్బమ్’ అనే మల్లిన్ రకం కావాలని అడగండి. తెల్లని రేకుల నడుమ ఊదారంగు కేసరాలతో, నడుము ఎత్తున పూసే ఈ మొక్క ఏటా తిరిగి చిగురిస్తుంది. ఊదా, గులాబీ రంగుల్లో పూసే వెర్బాస్కమ్ ఫీనీషియమ్ అనే మరో మల్లిన్ రకం కూడా అందమైనదే కాని ఎక్కువ కాలం బతకదు.

షెయిక్సీకి రోజంతా ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. ఇక్కడి నేలలోని సున్నపు గుణం దీనికి సరిపడుతుంది. కరిగిన మంచును పట్టి ఉంచే బంకమట్టి మాత్రం చలికాలంలో మొదలును కుళ్లబెడుతుంది కనుక, కంకర కలిపి మట్టిని కాస్త ఎత్తు చేసి నాటండి. పశువుల ఎరువు వేయాలన్న మన అలవాటును ఇక్కడ మానుకోవాలి, ఎందుకంటే బలం ఎక్కువైతే కాడ మెత్తబడి వాలిపోతుంది. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి చిన్నగా ఉన్నప్పుడే నాటాలి. విత్తనాలు చల్లితే మట్టి కప్పవద్దు, మొలకెత్తడానికి వాటికి వెలుతురు కావాలి. అలా మొలిచినవి మొదటి ఏడాది సాధారణంగా నేలకు పరుచుకున్న ఆకులతోనే ఉంటాయి, పూయలేదని పీకేయకండి. పూలు ఉదయం నిండుగా ఉండి మధ్యాహ్నం దాటేసరికి వాడిపోతాయి కనుక, ఆఫీసు నుంచి సాయంత్రం వచ్చి చూసేవారికి ఈ మొక్క నచ్చకపోవచ్చు.

పూత తగ్గగానే, కాయలు గోధుమరంగుకు తిరగకముందే కంకిని మొదటికంటా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి. తరచుగా పక్కనుంచి మరో కంకి వస్తుంది. నాటే ముందు ఇళ్ల సంఘానికి మొక్క పేరు రాసి పంపి, నర్సరీ చీటీని దాచుకోండి, ఎందుకంటే ఆకులను చూసి కలుపు మొక్క అనుకునే పొరుగువారు ఫిర్యాదు చేసే అవకాశం ఉంది.

దగ్గుకు కషాయం కాచుకోవడానికి ఎవరైనా ఆకులు అడిగితే ఇవ్వవద్దు. గుండెకు విషమైన ఫాక్స్‌గ్లోవ్ ఆకులు, పూత రాకముందు, మల్లిన్ ఆకులతో సులువుగా పొరబడేలా ఉంటాయి.