కాలనీలో నాటుకోళ్లు: పక్కింటివాళ్లు కంప్లైంట్ ఇస్తే తీసేయాల్సిందేనా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. కొడుకు ఉద్యోగం వల్ల రెండేళ్లుగా అనంతపురంలో సొంత ఇంట్లో ఉంటున్నాం. ఇంటి వెనక సెంటున్నర జాగాలో 12 నాటు పెట్టలు, 2 పుంజులు పెంచుతున్నాను. కూతలు, వాసన భరించలేకపోతున్నామని పక్కింటివాళ్లు కంప్లైంట్ ఇచ్చారట. మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి వారంలో తీసేయమని నోటిమాటగా చెప్పి పోయాడు. టౌన్లో కోళ్లు పెంచకూడదని రూలు ఉందా? మిద్దె మీద 50 గ్రామప్రియ కోళ్లు వేద్దామని కూడా ఉంది. పర్మిషన్ కావాలా?
– ఒక రైతు, అనంతపురం

జవాబు: టెన్షన్ పడకండి. ఇంటి అవసరానికి నాలుగు కోళ్లు పెంచుకోవడం దానంతటది నేరం కాదు. అయితే వాటివల్ల చుట్టుపక్కలవాళ్ల నిద్రకో ఆరోగ్యానికో ఇబ్బంది కలిగితే మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు జోక్యం చేసుకోవచ్చు. మాట అక్కడ తెగకపోతే వ్యవహారం ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేట్ దాకా పోవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ఆయనకు ఆ అధికారం ఇస్తుంది. దానికి ముందున్న సీఆర్‌పీసీలో అది 133వ సెక్షన్. అక్కడ కూడా మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కాబట్టి మళ్లీ ఎవరైనా వస్తే మర్యాదగానే రాతపూర్వక నోటీసు అడగండి. దానికి మీరూ కాగితం మీదే, ఏమేం సర్దుబాట్లు చేశారో రాసి జవాబివ్వండి. అద్దె ఇల్లో అపార్ట్‌మెంటో అయితే వాళ్ల కట్టుబాట్లు వేరే ఉంటాయి. మీకు ఆ చిక్కు లేదు.

నిజం చెప్పాలంటే ఈ తగాదాలో న్యాయం సగం పక్కింటివాళ్ల వైపే ఉంది. పుంజు కూత దగ్గర నుంచి వింటే 100 డెసిబెళ్లు దాటుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెళ్లు. అది పుంజుల కోసం రాసిన రూలు కాదు గానీ, కంప్లైంట్ ఇచ్చేవాళ్లు దాన్ని చూపించవచ్చు. గంప కింద మూసి పెడితే కూయదని కొందరు చెబుతారు. పుంజు వెలుతురును చూసి మాత్రమే కూయదు, తెల్లవారుజాము వేళను దాని ఒళ్లే గుర్తుపెట్టుకుంటుంది. చీకట్లో ఉన్నా కూస్తుంది. పైగా మీ దగ్గర రెండున్నాయి, ఒకటి మొదలుపెడితే రెండోది ఊరుకోదు.

అందుకని నా సలహా, పుంజులు రెండింటినీ మీ పల్లెకు పంపేయండి. పెట్టలు గుడ్లు పెట్టడానికి పుంజు అవసరమే లేదు. ఇది చాలామంది నమ్మరు, నేను చెప్పినప్పుడల్లా నవ్వుతారు. పుంజు లేకపోతే ఆ గుడ్ల నుంచి పిల్లలు రావు, అంతే. పిల్లలు కావాలంటే పెట్ట పొదుగుకు కూర్చున్నప్పుడు పల్లె నుంచి వారం లోపు పెట్టిన గుడ్లు తెప్పించి దాని కింద వేయండి. 21 రోజులకు పిల్లలు వస్తాయి. పుంజులు పోయాక కూడా ఒకటి రెండు వారాల దాకా మీ పెట్టల గుడ్లలో కొన్నింటి నుంచి పిల్లలు వస్తాయి, ఆ గుడ్లు వృథా చేయకండి.

ఇక వాసన. 14 కోళ్లంటే రోజుకు కిలో పైనే రెట్ట. అది ఎండితే పెద్దగా కంపు కొట్టదు, తడిస్తేనే అమ్మోనియా పుట్టి పక్కింటి దాకా పోతుంది. కాబట్టి ముందు నీళ్ల గిన్నె చుట్టూ చూడండి, తడి అక్కడే మొదలవుతుంది. గూటిలో రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరవండి. మన జిల్లాలో అది దొరకదనే మాట లేదు. తడిసిన పొట్టు ఏ రోజుకారోజు తీసేసి, రెండు రోజులకోసారి మిగతాది కలియబెట్టండి. వేసవిలో ఈగ గుడ్డు నుంచి రెక్కల ఈగ అవడానికి వారం పది రోజులు చాలు. వారానికి రెండుసార్లు రెట్ట ఎత్తేస్తే ఆ సంతానం గూట్లోనే తెగిపోతుంది. ఎత్తిన రెట్టను గుంతలో మట్టితో కప్పి మాగనివ్వండి. పచ్చిది మొక్కలకు వేస్తే వేర్లు మాడిపోతాయి. కాలవలో మాత్రం పారేయకండి, రెండో కంప్లైంట్ అక్కడి నుంచే వస్తుంది. మేత సాయంత్రానికి మిగలకుండా వేయండి. మిగిలితే ఎలుకలు, ఎలుకల వెనక పాములు. గూడు కూడా పక్కింటి గోడకు ఆనించకుండా మీ ఇంటి వైపు జరపండి.

మిద్దె మీద 50 కోళ్ల ఆలోచన వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం మిద్దె ఎలా కాలుతుందో మీకు నేను చెప్పాలా? 35 డిగ్రీలు దాటితే చాలు, కోడి నోరు తెరిచి రొప్పుతుంది, గుడ్లు తగ్గిస్తుంది. 50 కోళ్లకు రోజుకు అయిదున్నర కిలోల మేత, దాదాపు అంతే రెట్ట. అన్ని గుడ్లు ఇంట్లో తినలేరు, అమ్ముతారు. అప్పుడది ఇంటి పెంపకం అనిపించుకోదు, ట్రేడ్ లైసెన్స్ ప్రశ్న వస్తుంది. పొల్యూషన్ బోర్డు అనుమతి అని ఎవరైనా భయపెడితే మాత్రం పట్టించుకోవద్దు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు 5 వేలకు పైబడిన కోళ్ల ఫారాలకు సంబంధించినవి. గ్రామప్రియ మంచి గుడ్ల జాతే, ఏడాదికి దాదాపు 200 గుడ్లు పెడుతుంది. పల్లెలో మీ చేను దగ్గర చూసుకునే మనిషి ఉంటే అక్కడే వేయండి, పుంజులకూ తోడు దొరుకుతుంది.

టీకాల విషయం మీరు రాయలేదు. కొక్కెర తెగులుకు పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, 8 వారాలకు ఆర్2బి టీకా తప్పకుండా వేయించండి. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ని అడిగితే చెబుతారు. ఒకటి రెండు రోజుల్లో కోళ్లు వరసగా చచ్చిపోతే దాచిపెట్టకుండా పశువైద్యశాలకు కబురు చేయండి. అంటువ్యాధి అనుమానం ఉంటే తెలియజేయడం 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం యజమాని బాధ్యత. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ గోదావరి జిల్లాల ఫారాలతో ఆగలేదు, కర్నూలు నగరంలోనూ బయటపడింది. అలా తేలితే చుట్టూ కిలోమీటరు వరకు కోళ్లను చంపేస్తారు. అధికారులు చంపించిన కోళ్లకు పరిహారం ఉంటుంది, చెప్పకుండా చెత్తకుండీలో వేసినవాటికి ఉండదు.

పుంజులు పంపేసి, గూడు జరిపాక ఒకసారి పక్కింటాయన్ను పిలిచి చూపించండి. వెళ్లేటప్పుడు అరడజను గుడ్లు చేతిలో పెట్టండి. చట్టంలో లేదు గానీ, నా అనుభవంలో బాగా పనిచేసింది.