లేవీకాండం దగ్గర ఆగిపోయేవాళ్ళకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. ప్రార్థన, వాక్యధ్యానం, ఉపవాసం ఎవరి దగ్గర నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి అని. నాలుగింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: వందనాలండి. ఏటా జనవరి ఒకటిన బైబిల్ మొదటినుంచి చదవడం మొదలుపెడతాను. ఫిబ్రవరికల్లా ఆగిపోతుంది. మా అయ్యగారిని అడిగితే ‘రోజూ చదువు బాబూ’ అంటారే గాని ఎలాగో చెప్పరు. (డిగ్రీ విద్యార్థి, చిత్తూరు)

జవాబు: ఇందులో మీ భక్తి లోపం కన్నా లెక్క దెబ్బే ఎక్కువ. బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు చొప్పున వేసుకుంటే ఆదికాండం 50, నిర్గమకాండం 40 కలిపి జనవరి 30కి అయిపోతాయి. అయితే 25వ తేదీకే ప్రత్యక్షగుడారం (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) కొలతలు వచ్చేస్తాయి. అంతవరకూ యోసేపు, మోషే అంటూ కథలా పరుగెత్తిన చదువు అక్కడ కుంటుతుంది. 31న లేవీకాండం బలుల దగ్గర కూలబడుతుంది. ఒంటరిగా చదివేవాళ్ళలో చాలామంది ఆగేది ఇక్కడే.

ఈ ఏడాది ఆ పందెం వదిలేయండి. మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలే. రోజుకు ఏడు నుంచి పన్నెండు వచనాలు చాలు. మీ సంఘంలో వాక్యం బాగా ఎరిగిన పెద్దాయన ఒకరిని అవే వచనాలు అదే వారం చదవమని అడగండి. పదిహేను రోజులకోసారి ముప్పావు గంట కలవండి. పాస్టరుగారే కానక్కర లేదు. ఆదివారం మూడు చోట్ల ఆరాధన నడిపే మనిషికి తీరిక ఎక్కడిది?

చదివే తీరు ఇది. మార్కు 10లో గుడ్డివాడైన బర్తిమయి భాగం తీసుకోండి, 46 నుంచి 52 దాకా, ఏడే వచనాలు. మొదట నోరు తెరిచి, పెదవులు కదిలేలా చదవండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ చదవండి. రెండోసారి ఏ మాట దగ్గర మనసు నిలిచిందో దాని కింద పెన్సిలుతో గీత గీయండి. నీకోసం నేనేం చేయాలని యేసు అడిగిన ప్రశ్న దగ్గర నిలిచిందనుకోండి. ఆ ప్రశ్న మిమ్మల్నే అడిగితే ఏమంటారో నాలుగైదు నిమిషాలు ఆలోచించి, ఆ జవాబునే ప్రార్థనగా చెప్పండి. తరవాత రెండు నిమిషాలు ఏమీ అడగకుండా కూర్చోండి. చివర నోటుబుక్కులో తేదీ, వచనం, ఒక్క వాక్యం. మొత్తం కలిపి పావుగంట. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని ఎదుట ఊరక నిలవడం అనే ఈ నాలుగు మెట్లను 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే కార్తూసియన్ (ఒక క్రైస్తవ మఠ సంఘం) సన్యాసి నిచ్చెనగా అమర్చి రాశాడు.

ఇందులో ఎక్కువమంది చేసే పొరపాటు, ధ్యానాన్ని ప్రసంగం చేసుకోవడం. ‘ఈ మాట మా బావకు సరిగ్గా తగులుతుంది’ అనిపించిందంటే దారి తప్పినట్టే. పెద్దాయన మీ నోటుబుక్కు చూసి పట్టుకునేది ముందు దాన్నే. రెండోది ఫోను. ఫోన్లో బైబిల్ తెరిస్తే మూడో వచనానికి వాట్సాప్ మోగుతుంది. అచ్చు పుస్తకం పట్టుకోండి. నాలుగు రోజులు తప్పిపోతే ఆ నాలుగు రోజులవీ ఒకేసారి చదవకండి. ఆ రోజు భాగంతోనే మళ్ళీ మొదలుపెట్టండి. బాకీ తీర్చే చదువు లోపలికి దిగదు.

ప్రశ్న: లాడ్జిలో హౌస్‌కీపింగ్ పని, వారానికో షిఫ్టు. ఇంట్లో ఒకే గది, ఐదుగురం. ‘గదిలోకి వెళ్ళి తలుపు వేసుకో’ అన్న మాట మాలాంటివాళ్ళకు ఎలా కుదురుతుంది? (ఒక సోదరుడు, తిరుపతి)

జవాబు: మత్తయి 6:6లో ‘గది’ అన్నచోట గ్రీకు మాట తమేయోన్. సామాను దాచుకునే లోపలి కొట్టు అని కూడా దానికి అర్థం. పడగ్గది, ప్రార్థన గది అని ఊహించుకోనక్కర లేదు. మేడమీద నీళ్ళ ట్యాంకు పక్క జాగా సరిపోతుంది. పగటిపూట గుడి తీసి ఉంచే సంఘమైతే వెనక బెంచీ ఇంకా మంచిది. షిఫ్టు మారేవాళ్ళు గడియారానికి ముడిపెట్టుకోకూడదు. ‘నిద్ర లేచాక, ఫోను ముట్టకముందు పది నిమిషాలు’ అని పెట్టుకుంటే రాత్రి డ్యూటీ వారంలోనూ నడుస్తుంది. చేతిలో చిన్న కాగితం ఉంచుకోండి. గ్యాస్ బుక్ చేయాలి, చీటీ డబ్బు కట్టాలి అని తలకొచ్చినవి అందులో రాసి పక్కన పెట్టండి. వాటిని తోసేయాలని చూస్తే ఇంకా గట్టిగా వస్తాయి.

ప్రశ్న: శ్రమదినాల్లో (ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు) మా సంఘమంతా మూడు రోజుల ఉపవాసం పెట్టారు. నాకు షుగరు, మాత్రలు వాడుతున్నాను. మానేస్తే విశ్వాసం లేదంటారేమో. (ఒక సోదరి, పుత్తూరు)

జవాబు: అమ్మా, మీ డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానకండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి మానితే చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. ఉపవాసం చెడుతుందని ఆగకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు కూడా డాక్టరు మాట వినే నిర్ణయించుకోవాలి. మీరు టీవీనో, ఫోనునో, తీరిక కబుర్లనో ఆ మూడు రోజులు మానండి. అదీ మానుకోవడమే.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకూ మూడు రోజులతో మొదలుపెట్టమని మేం చెప్పం. మొదటి నెల వారానికి ఒక్క మధ్యాహ్నం భోజనం మానండి, నీళ్ళు మానొద్దు. రోజుకు నాలుగు కాఫీలు తాగేవాళ్ళు వారం ముందునుంచే తగ్గించుకోవాలి, లేకపోతే ఆ రోజంతా తలనొప్పితోనే సరిపోతుంది. విడిచేటప్పుడు పలచటి మజ్జిగో, రాగి అంబలో తాగి, అరగంట ఆగి కొంచెం తినండి. విడవగానే సంగటి ముద్ద, మాంసం పులుసు వేసుకుంటే రాత్రి కడుపు చెప్పే సాక్ష్యం వినాలి!

మన ఇళ్ళలో ఇంకొకటి జరుగుతుంది. ఉపవాసమున్న ఆడమనిషే అందరికీ వండి వడ్డిస్తుంది. ఆకలి మిగులుతుంది, ప్రార్థనకు గంట దొరకదు. ఆ పూట వంట ఇంకొకరు చేయాలని ముందే మాట్లాడుకోండి. మిగిలిన బియ్యం, పప్పు ఖర్చు లెక్కగట్టి ఆకలిగా ఉన్నవాళ్ళకు ఇవ్వండి, యెషయా 58 చెప్పే ఉపవాసం అదే. మీ ఉపవాసం సంగతి మీ మెంటర్‌కు, అంటే మీకు దారి చూపే పెద్దకు, ఒక్కరికే తెలిస్తే చాలు. స్టేటస్‌లో పెట్టకండి.

ప్రశ్న: నాకు ఆత్మీయ తండ్రిగా ఉన్నాయన పెళ్ళి, ఉద్యోగం, అన్నీ తననే అడగాలంటారు. ఫోను పాస్‌వర్డ్ కూడా తీసుకున్నారు. కాదంటే ‘దేవుడు నాతో చెప్పాడు’ అంటారు. ఇది క్రమశిక్షణేనా? (ఒక యువతి, మదనపల్లె)

జవాబు: కాదు. 1 సమూయేలు 3 తీసి చదవండి. పిల్లవాడు సమూయేలు మూడుసార్లు యాజకుడు ఏలీ దగ్గరకు పరుగెత్తుకొస్తాడు. పిలుస్తున్నది దేవుడని ఏలీకి అర్థం కాగానే ఏం జవాబు చెప్పాలో నేర్పి, వెళ్ళి పడుకోమంటాడు. తాను వెంట వెళ్ళడు, ఆ మాట తానే విని తెచ్చి చెప్పడు. తెల్లారాక తన ఇంటిమీదికే వచ్చిన తీర్పును సమూయేలు నోట విని తలవంచుతాడు. మెంటర్ పని అంతవరకే.

ఇక ముందు ఎవరి దగ్గర కూర్చున్నా కొన్ని చూసుకోండి. స్త్రీకి స్త్రీయే మెంటర్‌గా ఉండటం మేలు. కలిసేచోట తలుపు తెరిచి ఉండాలి. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఉండకూడదు. ఆమె కూడా ఇంకొకరికి లెక్క చెప్పే మనిషై ఉండాలి. ‘మీరెవరి దగ్గర నేర్చుకుంటున్నారక్కా?’ అని అడగడం తప్పు కాదు. వేరేవాళ్ళ ఒప్పుకోళ్ళు మీతో చెబితే, మీవి రేపు ఇంకొకరితో చెబుతుంది. ప్రాణానికో, పిల్లలకో ముప్పు ఉంటే తప్ప మీ మాట బయటికి పోకూడదు. ముందు ఆరుసార్లే కలుద్దామని ఒప్పుకోండి. ఆ తరవాత కొనసాగాలా వద్దా అని ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవచ్చు.

ఆయన దగ్గర మానేస్తున్నానని ఒంటరిగా వెళ్ళి చెప్పకండి. నమ్మకమున్న సంఘ పెద్దనో, అమ్మనో పక్కన పెట్టుకుని ఒక్క వాక్యంలో చెప్పి లేచి వచ్చేయండి. కారణాల మీద వాదం పెట్టుకోవద్దు. బెదిరిస్తే పోలీసులకు చెప్పడానికి వెనకాడకండి. పాస్‌వర్డ్ మాత్రం ఈ రాత్రే మార్చేయండి.