పాపకు బాప్తిస్మం ఇవ్వనని పాస్టరుగారు అన్నారని బాధపడుతున్న చెల్లికి

పాస్టరుగారు మిమ్మల్ని దూరం పెట్టలేదమ్మా. మీరు సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం) నుంచి హన్మకొండ బాప్టిస్టు సంఘానికి వచ్చారు కదా, తేడా అక్కడే. సీఎస్‌ఐలో పసిపిల్లలకూ బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగి, తామే విశ్వాసం ఒప్పుకున్నాక ముంచి ఇస్తారు.

1. పాపను దేవునికి ప్రతిష్ఠించమని అడగండి. ఆరాధనలో ప్రార్థించి దీవిస్తారు.

2. చాలామంది మరిచేది ఇదే: ఆ రోజు మాట ఇచ్చేది తల్లిదండ్రులే కాదు, సంఘం కూడా. బిడ్డ పెంపకంలో తోడుంటామని అందరూ ఒప్పుకుంటారు. అందుకే ముందే పాస్టరమ్మగారితో, స్త్రీల సమాజం అక్కలతో కూర్చోండి. మీ ఆయన నైట్ డ్యూటీలు, ఇంట్లో పెద్దదిక్కు లేకపోవడం, మీ టెన్షన్ అన్నీ చెప్పండి. మొహమాటపడితే వాళ్లకెలా తెలుస్తుంది?

3. ప్రతిష్ఠకు చర్చి కాగితం ఇచ్చినా అది జనన ధ్రువపత్రం కాదు. పుట్టిన 21 రోజుల్లోపు కార్పొరేషన్‌లో నమోదైందో లేదో ఆసుపత్రిలో అడగండి.