ఏళ్ల తరబడి కదలని స్కూటర్, కారు, విమానాల్లోని ఇంధనం ఎన్నాళ్లు పనికివస్తుంది?

మీరు రెండు సంగతులు అడిగారు. మీరు అమెరికాలో ఉండగా భీమవరంలోని ఇంట్లో మూడేళ్లుగా కదలకుండా ఉన్న నాన్నగారి స్కూటర్‌లోనూ కారులోనూ మిగిలిపోయిన పెట్రోలును ఇప్పుడు వాడవచ్చా అన్నది మొదటిది. ఏళ్ల తరబడి వదిలేసిన విమానంలోకి కథానాయకుడు ఎక్కి మీట నొక్కగానే ఇంజన్ అందుకోవడం సినిమాల్లో చూస్తుంటామే, అది నిజంగా జరిగే పనేనా అన్నది రెండవది. నేను ఒక విమాన శిక్షణ సంస్థలో 22 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి, ఇప్పుడు మా ఊళ్లో వ్యవసాయం చూసుకుంటున్నాను కాబట్టి రెండింటి గురించీ నాకు తెలిసినంత వరకు రాస్తాను. ముందుగా, మీ బండ్లలోని పెట్రోలును దయచేసి వాడకండి. మూడేళ్లన్న లెక్క ఒక్కటే చూసి ఈ మాట అనడం లేదు. ఆ మూడేళ్లలో ఆ ట్యాంకుల్లోకి గాలి, తేమ, వేడి ఎంత చేరి ఉంటాయో ఊహించి అంటున్నాను.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువువీ అయిన ఎన్నో హైడ్రోకార్బన్ల మిశ్రమం. చల్లని ఇంజన్ మొదటి కిక్కుకే అందుకోవడానికి తోడ్పడే తేలిక భాగాలే అన్నిటికంటే ముందు ఆవిరై, మూత సందుల్లోంచి వెళ్లిపోతాయి. మిగిలినదానిలోని కొన్ని పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా బంకగా మారతాయి. పాత పెట్రోలుకు వార్నిష్ లాంటి పుల్లని వాసన రావడం, రంగు ముదరడం అందువల్లే. వేడి పెరిగే కొద్దీ ఈ మార్పు వేగం పుంజుకుంటుంది. మూత సీలు విప్పిన డబ్బాలోని పెట్రోలు 20 డిగ్రీల దగ్గర ఆరు నెలలు, 30 డిగ్రీల దగ్గర మూడు నెలలు నిలుస్తుందనీ, యంత్రం ట్యాంకులోనైతే నెల మాత్రమేననీ బీపీ అనే చమురు కంపెనీ ఆస్ట్రేలియాలో తన వినియోగదారులకు చెబుతుంది. మే నెలలో మన రేకుల షెడ్లలో ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి తోడు ఇప్పుడు మన బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2022లో దేశమంతటా 10 శాతానికి చేరిన ఇథనాల్ వాటా 2025 నాటికి 20 శాతానికి వచ్చింది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది, ఒక హద్దు వరకు దానివల్ల నష్టమేమీ లేదు. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో నీరు దాదాపు అర శాతం దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో పాటు ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. పంపు అడుగునుంచే తోడుతుంది కాబట్టి ఇంజన్‌కు మొదట అందేది ఆ నీటి పొరే. పైన మిగిలిన పెట్రోలుకు కూడా ఆక్టేన్, అంటే ఇంజన్‌లో తట్టుడు లేకుండా మండే గుణం, తగ్గిపోతుంది. ఇలా ఒకసారి విడిపోయినదాన్ని ఎంత కలియబెట్టినా, ఏ మందు పోసినా మళ్లీ మంచి పెట్రోలుగా చేయలేము.

ఇక విమానాల సంగతి. మా శిక్షణ విమానాలు వాడేది 100 ఎల్‌ఎల్ అనే ఏవ్‌గ్యాస్, అంటే చిన్న విమానాల పెట్రోలు. అందులో ఇథనాల్ ఉండదు, బంకకట్టే పదార్థాలు చాలా తక్కువ, ఆవిరయ్యే గుణమూ బండ్ల పెట్రోలు కంటే తక్కువ. అందువల్ల మూసిన ట్యాంకులో అది ఏడాది, ఒక్కోసారి అంతకు మించి కూడా బాగానే ఉంటుంది. గుర్తుపట్టడానికి దానికి నీలం రంగు వేస్తారు. (మన రేషన్ కిరసనాయిలుకూ నీలం రంగే ఉండేది కాబట్టి కొత్తగా చేరిన కుర్రాళ్లు నవ్వుకునేవారు.) రోజూ తొలి ప్రయాణానికి ముందు రెక్కల అడుగున ఉండే డ్రెయిన్‌ల నుంచి కొంచెం ఇంధనాన్ని పారదర్శకమైన గొట్టంలోకి పట్టి, అడుగున నీటి బొట్లు చేరాయేమోనని వెలుతురులో పెట్టి చూస్తాము.

నేను చేరిన కొత్తలో మా సెస్నా 152 శిక్షణ విమానం ఒకటి విడిభాగం రాక 14 నెలలు నిలిచిపోయింది. హ్యాంగర్‌లో (విమానాల షెడ్డులో) చోటు ఎగిరే విమానాలకే చాలేది కాదు కనుక, దానిని సగం నిండిన ట్యాంకులతోనే ఒక వర్షాకాలమంతా బయట ఉంచారు. విడిభాగం వచ్చాక నమూనా పట్టే పని నాకు అప్పగించారు. గొట్టంలో ఒక్క బొట్టు కూడా విడిగా కనిపించలేదు, అంతా ఒకే తీరుగా తేటగా ఉంది. నీరు లేదని ధీమాగా వెళ్లి చెప్పాను. మా సీనియర్ గారు గొట్టాన్ని కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి, "నీలం ఏదయ్యా?" అని మాత్రం అడిగారు. గొట్టంలో ఉన్నదంతా నీరే. రెక్క పైనున్న మూత రబ్బరు ఎండకు పగిలి, వాననీరు నేరుగా ట్యాంకులోకి దిగింది. చిత్రమేమిటంటే, ఆ నీటి పైన ఉన్న ఏవ్‌గ్యాస్ రంగులోనూ వాసనలోనూ అప్పటికీ చక్కగానే ఉంది. అయినా దానిని విమానంలో వాడనివ్వలేదు. మొత్తం దించేసి, ట్యాంకులు కడిగి, మూతల రబ్బర్లు మార్చాకే కొత్త ఇంధనం నింపారు. విమానాన్ని కొంతకాలం నిలిపి ఉంచేటప్పుడు ట్యాంకులను నిండుగా ఉంచమని తయారీదారులు ఎందుకంటారో నాకు ఆ రోజు అర్థమైంది. ఖాళీ జాగా తగ్గితే తేమ గాలికి చోటు తగ్గుతుంది, ట్యాంకు అతుకులు కారకుండా పూసే సీలంట్ కూడా ఎండిపోదు.

పెద్ద విమానాలు వాడే జెట్ ఎ-1 నిజానికి బాగా శుద్ధి చేసిన కిరసనాయిలే. అది త్వరగా ఆవిరైపోదు, శుభ్రంగా పొడిగా ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. దానికి ముప్పు నీటివల్లే వస్తుంది. నీరూ ఇంధనమూ కలిసే హద్దులో ఒక రకం బూజు పెరిగి, నల్లటి జిగురుగా మారి ఫిల్టర్లను మూసేస్తుంది, ట్యాంకు లోహాన్ని కూడా తింటుంది. ఆ బూజును చంపే మందూ కొలత తప్పితే ప్రమాదమే. 2020 ఫిబ్రవరిలో లండన్ గాట్విక్ నుంచి బయలుదేరిన ఒక ఎయిర్‌బస్ ఎ321లో పైకి లేస్తుండగానే ఇంజన్లు మొరాయించాయి. ట్యాంకుల్లో వేయవలసిన దానికి దాదాపు 38 రెట్లు మందు వేసినట్లు దర్యాప్తులో తేలింది.

కరోనా కాలంలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన భారీ ఎ380 విమానాలను ఆస్ట్రేలియా ఎడారిలోని ఆలిస్ స్ప్రింగ్స్‌కు పంపింది. సింగపూర్ ఉక్కపోత కంటే అక్కడి పొడి గాలి మేలు. అమెరికా సైన్యం తన పాత విమానాలను దాచే అరిజోనాలోని డేవిస్-మాంథన్ స్థావరంలోనైతే ఇంధనమంతా దించేసి, పలుచని నూనె నింపి, దాన్నీ మళ్లీ దించేస్తారు. గొట్టాల లోపల నూనె పొర ఒక్కటే మిగులుతుంది. కాబట్టి మీ సినిమా కథానాయకుడు ఎక్కిన విమానాన్ని పద్ధతిగా దాచి ఉంటే అందులో ఇంధనమే ఉండదు. దాచకుండా వదిలేసిన విమానమైతే ఇంధనం మాట అటుంచి, బ్యాటరీ ముందే చచ్చి ఉంటుంది.

డీజిలు గురించి మీరు అడగలేదు గానీ, ఊళ్లో చాలామంది ట్రాక్టర్ కోసం డ్రమ్ముల్లో నిలవ ఉంచుతారు కాబట్టి ఒక్క మాట. ఆరు నెలల నుంచి ఏడాది వరకు అది నిలుస్తుంది. అయితే నిలువుగా నిలబెట్టిన డ్రమ్ము పైమూత చుట్టూ వాననీరు నిలిచి, పగటి వేడికి డ్రమ్ములోని గాలి బయటకు పోయి రాత్రి చల్లబడ్డప్పుడు, మర బిగించి ఉన్నా ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. మా ట్రాక్టర్ ఫిల్టర్‌లో నల్లటి జిగురు కనిపించేదాకా నేనూ దీన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు డ్రమ్మును నీడలో పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే ఎత్తులో అడ్డంగా ఉండేలా పెడుతున్నాను.

మీ బండ్ల విషయానికి వస్తే, స్కూటర్ ట్యాంకు ఖాళీ చేయించి, కార్బొరేటర్ విప్పించి అందులోని జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలు) శుభ్రం చేయించండి. కార్బొరేటర్ చిన్న గిన్నెలో మిగిలిన కొద్దిపాటి పెట్రోలు అన్నిటికంటే ముందు బంక కట్టి ఉంటుంది. కారు తాళం మాత్రం ఊరికే చూద్దామని కూడా తిప్పవద్దు. పెట్రోలును ఇంజెక్టర్లు ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ కార్లలో తాళం తిప్పగానే పంపు రెండు క్షణాలు తిరిగి, అడుగునున్న చెత్తను ఇంజెక్టర్ల దాకా తోసేస్తుంది. ముందు పెట్రోలు తోడించి, ఫిల్టర్ మార్పించి, కొత్తది నాలుగైదు లీటర్లు పోశాకే ఇంజన్ తిప్పించండి. తోడినదాన్ని కాలువలో పారబోయకుండా, దానిని ఏం చేయాలో మెకానిక్‌నే అడగండి. మళ్లీ అమెరికా వెళ్లే ముందు స్కూటర్ పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. మా అమ్మాయి దగ్గరకు వెళ్లే ప్రతిసారీ నా చేతక్‌కు నేను చేసేది అదే. తిరిగి వచ్చాక రెండు మూడు కిక్కులకు అందుకుంటుంది.